వెల వేరు, విలువ వేరు

కొన్ని సంవత్సరాల క్రిందట, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, మా పాఠశాలలో వక్తృత్వపు పోటీ జరిగింది. ఎనిమిదవ తరగతి కుర్రవాడొకడు ప్రథముడుగా నిలిచాడు. పాఠశాల తరఫున వానికొక పుస్తకం బహూకరించాము. నా ముచ్చటకొద్దీ, జేబులో దాచుకున్న పదిరూపాయల నాణెమొకటి కూడా వాని చేతిలో పెట్టాను. దాని మీద సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని ముఖబింబం ఉన్నది. సాయంకాలం బడి విడిచిన కొంతసేపటికి ఆ పిల్లవాడు చిన్నబోయిన ముఖంతో తిరిగివచ్చాడు.

“మాస్టారూ, ఇది చెల్లదటండీ. కొట్టాయన తీసుకోనన్నాడు” అని నాణెం నా బల్లమీద పెట్టాడు.

గురువులకు గురువని దేశం తల ఒగ్గిన మహనీయుని నాణెం, ఆయన పుట్టినరోజునాడే, పుస్తకాలూ కలాలూ అమ్మే కొట్టులో చెల్లకపోయింది! నవ్వవలెనో, నొచ్చుకొనవలెనో నాకు తెలియలేదు. కాని, అంతకంటె విచిత్రమైన సంగతి మరొకటి ఉన్నది. రాధాకృష్ణ పండితుని నూట ఇరవై అయిదవ జయంతిని పురస్కరించుకొని 2015 సెప్టెంబరులో ప్రభుత్వం రెండు నాణేలు విడుదల చేసింది. ఒకటి చలామణీకి వచ్చిన ఈ పదిరూపాయల నాణెం. రెండవది నూట ఇరవై అయిదు రూపాయల నాణెం. ఈ రెండవది ఏ కొట్టుకూ పోదు; ఏ చేతా మారదు. పెట్టెలో పదిలంగా కూర్చుంటుంది. దానికోసం ముఖవిలువకు ఎన్నో రెట్లు చెల్లించి సేకర్తలు కొనుక్కున్నారు. చెల్లవలసిన నాణేన్ని పుచ్చుకొనేవారు లేరు. ఎక్కడా ఖర్చుకాని నాణేనికి ఎగబడేవారున్నారు. మరి నాణెం విలువ అనగా ఏమిటి?

స్మారక నాణేలు మన దేశానికి కొత్తవి కావు. సముద్రగుప్తుడు అశ్వమేధం చేసినప్పుడు యూపస్తంభం ముందు నిలిచిన యాగాశ్వాన్ని బంగారు నాణెం మీద ముద్రించాడు. మన శాతవాహనుల సంగతి మరింత రమ్యమైనది. గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాట నహపానుని జయించి, ఆతని వెండి నాణేలమీదనే తన ముద్రలు తిరిగి కొట్టించాడు. 1906లో నాసిక్ ప్రాంతాన జోగల్‌తంబి వద్ద దొరికిన నిధిలో పదమూడువేలకు పైగా నాణేలుండగా, వాటిలో అధికభాగం ఇట్లు తిరిగి ముద్రితమైనవే. పత్రికలు లేని ఆ కాలంలో, రాజు మారినాడనే వార్త సంతలో సరుకు కొన్న ప్రతి మనిషి అరచేతికీ నాణెమే చేరవేసింది.

స్వతంత్ర భారతంలో ఈ సంప్రదాయం 1964లో ఆరంభమైంది. ఆ ఏడు మే నెలలో జవాహర్‌లాల్ నెహ్రూ దివంగతులైన పిమ్మట, ఆయన ముఖబింబంతో రూపాయి, అర్ధరూపాయి నాణేలు వెలువడినవి. 1969లో గాంధీ శతజయంతికి ఇరవై పైసలు మొదలు పదిరూపాయల వరకు నాలుగు రకాల నాణేలు వచ్చినవి. 1974 నాటి పదిపైసల బిళ్ళమీద సైతం చిన్న కుటుంబాన్ని గురించిన హితవు కనిపించేది. కిళ్ళీకొట్టులోను, బస్సు కండక్టరు సంచిలోను, దేవుని హుండీలోను ఆ నాణేలు తిరిగినవి. చదువురానివానికి కూడా అవి బొమ్మలో పాఠం చెప్పినవి.

తరువాత క్రమంగా మరొక తీరు బలపడింది. చలామణీకి చిన్న నాణెం, సేకర్తలకు పెద్ద నాణెం అన్నట్లు రెండు దారులు ఏర్పడినవి. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్ళు నిండిన సందర్భాన, 2010 సంవత్సరపు ముద్రతో, వెయ్యి రూపాయల నాణెం తయారైంది. రవీంద్రుని నూట యాభయ్యవ జయంతికి నూట యాభై రూపాయల నాణెం వచ్చింది. నందమూరి తారక రామారావు శతజయంతికి నూరు రూపాయల నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. హైదరాబాదు టంకశాలలో తయారైన ఆ నాణెంకోసం తెలుగునాట అభిమానులు బారులు తీరారు.

ఇట్టి నాణెం వెలను అర్థం చేసుకొనవలెనంటే మూడు లెక్కలు వేరువేరుగా వేసుకొనవలె.

మొదటిది ముఖవిలువ. నాణెం మీద అచ్చయిన అంకె అది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం ప్రభుత్వం వెయ్యి రూపాయల వరకు నాణేలు ముద్రించవచ్చు. చట్టం దృష్టిలో నూరు రూపాయల స్మారక నాణెం నూరు రూపాయలే.

రెండవది లోహపు విలువ. ఇది విద్యార్థులకు చక్కని లెక్క. తారక రామారావు నాణెం బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి. తక్కినది రాగి, నికెల్, తుత్తునాగం. అనగా వెండి 17.5 గ్రాములు. 2023 నాటి ధరలో ఆ వెండి విలువ పదిహేను వందల రూపాయలకు లోపే. నాణేన్ని కొన్నవారు చెల్లించినది అంతకంటె చాలా ఎక్కువ. 1969 నాటి గాంధీ పదిరూపాయల నాణెం సంగతి చూడండి. బరువు 15 గ్రాములు. నూటికి ఎనభై పాళ్ళు వెండి. అనగా 12 గ్రాములు. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. లక్ష రూపాయల చొప్పున లెక్కవేసినా ఆ పది రూపాయలలో పన్నెండు వందల రూపాయల వెండి ఉన్నదన్నమాట. అయితే నాణేన్ని కరిగించడం చట్టం నిషేధించిన పని. కనుక ఈ లెక్క అంచనాకే గాని ఆచరణకు కాదు. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పదిరూపాయల నాణెం 22.5 గ్రాములు తూగినా, అందులో వెండి సగమే. బిళ్ళ పెరిగింది, వెండి తరిగింది.

మూడవది సేకర్తల వెల. ఇది ఏ చట్టానికీ, ఏ త్రాసుకూ లొంగేది కాదు. ఎందరికి కావలెనో, ఎన్ని ఉన్నవో, ఏ స్థితిలో ఉన్నవో అన్న మూడింటి మీద అది ఆధారపడుతుంది. ప్రూఫ్ నాణెమని ఒక తరగతి ఉన్నది. మెరుగుపెట్టిన అచ్చులతో, ఒకటికి రెండు మూడుసార్లు ఒత్తి, దానిని తయారుచేస్తారు. నేల అద్దంలా మెరుస్తుంది. బొమ్మ మంచు పట్టినట్లు తెల్లగా నిలుస్తుంది. చేతివేలి మరక ఒక్కటి పడినా దాని వెల తరుగుతుంది.

ఈ కొత్త నాణేలను గురించి సేకర్తలలో ఏకాభిప్రాయం లేదు. ఒక పక్షం వారికి ప్రూఫ్ నాణెం శిల్పమే. అచ్చు చెక్కిన కళాకారుని పనితనాన్ని చూడదలచినవానికి, పదిచేతులు మారి అరిగిన బిళ్ళలో ఏమి కనిపిస్తుందని వారు అడుగుతారు. ఆ మాటలో న్యాయమున్నది. రెండవ పక్షం వారు, “చేయి మారనిది నాణెమెట్లా అవుతుంది? అది పతకం” అంటారు. ఏడాదికి ఎన్నో నాణేలు, ఎన్నో సందర్భాలకు వెలువడుతుంటే, అన్నింటినీ కొనగల స్తోమత మధ్యతరగతివానికి ఎక్కడిదన్నది వారి ఆవేదన. ఒకప్పుడు బడిపిల్లవాడు చిల్లరలోనుంచి ఏరుకొని సేకర్త కాగలిగేవాడు. ఆ ద్వారం మూతపడకూడదని వారి కోరిక. ఇక మూడవ పక్షం వారు నాణేన్ని చూడరు, దాని రేపటి ధరను చూస్తారు. ఈ రోజు కొంటే పదేళ్ళకు పదింతలవుతుందని వీరి నమ్మకం.

ఈ నమ్మకాన్ని ఇంగ్లండు దేశపు నాణేలు రెండు చక్కగా పరీక్షిస్తాయి. 1965లో చర్చిల్ స్మారకంగా అక్కడ క్రౌను నాణెం వచ్చింది. చర్చిల్‌ను మించిన ప్రసిద్ధులు ఆనాటి ఆంగ్లేయులకు లేరు. జనం ఆ నాణేన్ని దాచుకున్నారు. కాని ముద్రించినవి కోటీ తొంభయ్యారు లక్షలకు పైమాటే. అందరూ దాచుకున్నది అపురూపం కానేరదు; ఇన్ని దశాబ్దాల తరువాత కూడా దానికి గొప్ప వెల రాలేదు. 2009లో క్యూ ఉద్యానవనం పేర యాభై పెన్నీల నాణెం మామూలు చిల్లరగా వచ్చింది. దానిని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. ముద్రించినవి రెండు లక్షల పదివేలు మాత్రమేనని తెలిసిన పిమ్మట దాని వెల ముఖవిలువకు వందరెట్లు మించిపోయింది. మహాపురుషుని బొమ్మ వెల పెంచలేదు, కొరత పెంచింది. వెల పెరుగుతుందని చెప్పి అమ్మే వస్తువును కొన్నవారందరూ భద్రంగానే దాచుతారు. కనుక దానికి కొరత రావడం కష్టం.

నా మిత్రులొకరు, విశ్రాంత ఉపాధ్యాయులు, మనుమరాలి పైచదువుకు ఉపకరిస్తుందని పింఛను సొమ్ములో కొంత ఈ వెండి నాణేలమీద వెచ్చించారు. ఏటేటా కొత్త పెట్టె వచ్చి పాత పెట్టెల పక్కన చేరేది. తీరా కళాశాల రుసుము కట్టవలసిన రోజు వచ్చి, వాటిని వర్తకునివద్దకు తీసుకొనిపోతే, ఆయన మూతలు తెరిచి చూసి, వెండి లెక్కకు కొంచెం పైగా ఇస్తానన్నాడు. కొన్న వెలలో అది సగం కూడా కాదు. “నాణేలు మోసం చేయలేదోయ్, నా ఆశే నన్ను మోసం చేసింది” అని ఆయన నాతో అన్నారు. వర్తకుని తప్పు కూడా ఇందులో లేదు. అమ్మకపు ధరను కొనుగోలు ధర అనుకోవడమే పొరపాటు.

ఇంతకంటె కీడు చేసే ఆశ మరొకటి ఉన్నది. ఫలానా దేవి బొమ్మగల అయిదు రూపాయల నాణెం మీ ఇంట ఉంటే లక్షలు వస్తాయని, ముందుగా కొంత రుసుము పంపితే చాలునని నమ్మబలికే వంచకులు బయలుదేరారు. పాతనోట్లు, నాణేల క్రయవిక్రయాల పేరిట తన పేరు చెప్పి రుసుములు గుంజేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. లక్షల సంఖ్యలో ముద్రితమై ఊరంతా తిరిగే నాణేనికి లక్షరూపాయలు ఎవరిస్తారన్న చిన్న ప్రశ్న వేసుకోగలిగితే చాలు, ఆ వల తెగిపోతుంది.

కనుక నాణేలు పోగుచేయదలచిన విద్యార్థులకు నా మనవి ఇది. మొదట చిల్లరలో వెదకండి. సంవత్సరం క్రింద నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలది, వజ్రాకారం ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేనిది కలకత్తాది. పాత నాణేన్ని చింతపండుతోను, బూడిదతోను తోమవద్దు. తళుకు వస్తుంది గాని చరిత్ర పోతుంది. పెద్ద నాణెం కొనగలిగితే అందంకోసం కొనండి, లాభంకోసం కాదు. హైదరాబాదు వెళ్ళినప్పుడు సైఫాబాదులోని పాత టంకశాలను చూడండి. 1903లో అక్కడికి చేరిన టంకశాల 1997లో చర్లపల్లికి తరలిపోగా, ఆ పాత భవనంలో 2022లో ప్రదర్శనశాల నెలకొల్పారు.

ఇక ఆ పదిరూపాయల నాణెం కథ. కొట్టాయన దానిని త్రోసిపుచ్చడానికి కారణం లేకపోలేదు. పదిరూపాయల నాణేలు ఎన్నో స్మారకాలకు ఎన్నో రూపాలలో రావడంతో, ఒకదానికొకటి పోలిక లేక, అవి దొంగనాణేలని వదంతి పుట్టింది. పద్నాలుగు రూపాలూ చెల్లునని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించినా, అనుమానం పూర్తిగా తొలగలేదు. జ్ఞాపకంకోసం వేసిన బొమ్మలే నాణెంమీద నమ్మకాన్ని సడలించినవి!

నేను పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని ఆ కొట్టుకు వెళ్ళాను. “ఏమండీ, ఈ బొమ్మ ఎవరిదో చూశారా?” అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని చూశాడు. “రాధాకృష్ణన్‌గారు కదండీ! నేను చూడనేలేదు. పుచ్చుకుంటానుగాని, మళ్ళీ నాదగ్గర ఎవరైనా పుచ్చుకుంటారంటారా?” అన్నాడు. చెల్లుతుందని హామీ ఇచ్చాను. పిల్లవాడు కలం కొనుక్కున్నాడు.

మరునాడు ఉదయం వాడు పదిరూపాయల నోటు పట్టుకొని ఆ కొట్టుకే పరుగెత్తాడట. నాణెం తిరిగి తీసుకొని దాచుకుందామని వాని ఆశ. అప్పటికే అది ఎవరికో చిల్లరలో వెళ్ళిపోయింది. ఎవరికో కొట్టాయనకు గుర్తులేదు. పిల్లవాడు ఎంతో విచారపడ్డాడు. వాణ్ణి ఓదార్చానే గాని, నాకు మాత్రం విచారం కలుగలేదు. ఆ నాణెం చెల్లింది.