దేహంలోని వేర్వేరు పంచాంగాలు: విరామానంతరం మారథాన్

ఏకీకృత జర్మనీ పార్లమెంటు ఇంకా బాన్ నగరంలోనే సమావేశమవుతున్న రోజులవి. 1996లో గ్రీన్ పార్టీ నాయకుడు యోష్కా ఫిషర్ పరుగు ప్రారంభించారు. అప్పుడు ఆయన వయస్సు 48 ఏళ్ళు, బరువు 112 కిలోలు. యౌవనంలో సైకిలు పందాలలో పాల్గొని, ఫుట్‌బాల్ ఆడిన మనిషే. రాజకీయాలు, విందులు, వేళ తప్పిన నిద్ర ఆ దేహాన్ని క్రమంగా మార్చివేశాయి. తొలిరోజుల్లో కొన్ని వందల మీటర్లకే ఆయాసం వచ్చేది. అటువంటి వ్యక్తి 1998 ఏప్రిల్‌లో, 50 ఏళ్ళు నిండిన నెలలోనే, హాంబుర్గ్ మారథాన్‌ను 3 గంటల 41 నిమిషాల 36 సెకన్లలో పూర్తిచేశారు. ఆ సంవత్సరమే అక్టోబరులో విదేశాంగ మంత్రి అయ్యారు. తన పరుగు గురించి ఆయన రాసిన పుస్తకం 1999లో వెలువడి, జర్మనీలో ఎందరినో పరుగుబాట పట్టించింది. (1985లో హెస్సె రాష్ట్ర మంత్రిగా తెల్లని క్రీడాబూట్లతో ప్రమాణస్వీకారం చేసి ఆయన దుమారం లేపారు. ఆ బూట్లు తరువాత ఓఫెన్‌బాఖ్ చర్మవస్తు ప్రదర్శనశాలకు చేరాయి. అయితే అవి పరుగుకు వేసుకున్న బూట్లు కావు.)

ఈ వృత్తాంతం చెప్పుకొనే ప్రతివారూ తగ్గిన కిలోలనే లెక్కపెడతారు. విజ్ఞానశాస్త్ర దృష్టితో చూస్తే లెక్కించవలసినవి నెలలు. తొలి అడుగుకూ హాంబుర్గ్ గమ్యరేఖకూ నడుమ ఏడాదిన్నరకు పైగా గడిచింది. చివరి దశలో ఆయనకు సలహాలిచ్చినవారు హెర్బర్ట్ స్టెఫ్నీ. 1986 ఐరోపా పోటీల మారథాన్‌లో కాంస్యపతకం గెలిచిన పరుగువీరుడు. అంత దీర్ఘకాలం ఎందుకు కావలసివచ్చింది? కాలేజీ రోజుల్లో విశాఖ సముద్రతీరాన తెల్లవారుజామున 10 కిలోమీటర్లు పరుగెత్తి, ఉద్యోగం, పెళ్ళి, పిల్లల మధ్య పదిహేనేళ్ళు బూట్లు ముట్టక, ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మ్యూనిక్‌లోనో ఉంటూ ‘వచ్చే సెప్టెంబరులో బెర్లిన్ మారథాన్’ అని సంకల్పించుకొనే తెలుగువారికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. వారికి సోమరితనం శత్రువు కాదు. జ్ఞాపకమే శత్రువు.

పరుగు మానిన దేహంలో మొదట తరిగేది రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా. రెండు వారాల్లోనే దాని పరిమాణం తగ్గుతుంది. అందువల్ల గుండె ఒక్కొక్క స్పందనతో పంపే రక్తమూ తగ్గుతుంది. అమెరికాలో ఎడ్వర్డ్ కాయిల్ బృందం 1984లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. బాగా సాధన చేసినవారిని సాధన మాన్పించి పరిశీలించగా, దేహం గరిష్ఠంగా వినియోగించుకోగల ఆక్సిజన్ మూడు వారాల్లో సుమారు 7 శాతం, మూడు నెలల లోపల 16 శాతం తగ్గింది. కండరకణాలలో ఇంధనాన్ని దహించే మైటోకాండ్రియా ఎంజైములు కూడా క్షీణించాయి. కాని కండరాల్లో విస్తరించిన రక్తకేశనాళికలు మాత్రం ఆ మూడు నెలలూ దాదాపు చెక్కుచెదరలేదు. అంటే దేహం అన్నింటినీ ఒకేసారి మరచిపోదు.

తిరిగి నేర్చుకోవడంలోనూ అదే తీరు. తొలుత పోయిన ప్లాస్మాయే తొలుత తిరిగి వస్తుంది; సాధన మొదలైన కొద్దిరోజుల్లోనే దాని పరిమాణం పెరగసాగుతుంది. మైటోకాండ్రియాకు వారాలు చాలు. ఆరు వారాలు శ్రద్ధగా పరుగెత్తినవారికి ఊపిరి సాఫీగా ఆడుతుంది, మెట్లు ఎక్కితే గుండె దడదడలాడదు, పాత వేగం మళ్ళీ చేతికందినట్లే అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మోకాలి కింది ఎముకలోనో, మడమ వెనుకనో నొప్పి మొదలవుతుంది.

ఎముక జడపదార్థం కాదు. కొత్త భారం పడినప్పుడు ఒక జాతి కణాలు పాత ఎముకను తొలుస్తాయి. మరొక జాతి కణాలు ఆ రంధ్రాలను కొత్త ఎముకతో పూరిస్తాయి. తొలిచే పని కొద్ది వారాల్లో ముగుస్తుంది, పూరించే పనికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఇల్లు బాగుచేయించేటప్పుడు గోడ పడగొట్టడం ఒక్క పూట పని, కట్టడం నెల పని కదా! ఈ మధ్యకాలంలో ఎముక మునుపటికంటే కొంత బలహీనంగానే ఉంటుంది. ఊపిరితిత్తుల మాట నమ్మి దూరాన్ని రెట్టింపు చేసేవారు పడగొట్టిన గోడ మీదనే కొత్త అంతస్తు లేపుతున్నారన్నమాట.

పిక్క కండరాన్ని మడమకు కట్టివుంచే స్నాయుబంధనం కథ ఇంకా విచిత్రం. 1950లలోను, 1960ల తొలినాళ్ళలోను జరిగిన అణ్వస్త్ర పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 ఐసోటోపు దాదాపు రెండింతలైంది. 1963 ఒప్పందం తరువాత అది క్రమంగా తగ్గుతూ వచ్చింది. ఆహారం ద్వారా అది ప్రతి దేహంలోనూ చేరింది కనుక, ఒక కణజాలంలోని కార్బన్-14ను కొలిచి అది ఏ సంవత్సరాల్లో నిర్మితమైందో చెప్పవచ్చు. డెన్మార్క్‌లో కాట్యా హైనమైయర్ బృందం ఈ పద్ధతితో మడమ స్నాయుబంధనాన్ని పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించింది. దాని అంతర్భాగం జీవితంలోని మొదటి 17 ఏళ్ళలో నిర్మితమై, ఆ తరువాత దాదాపు మారలేదని తేలింది. నలభై ఐదేళ్ళ మనిషి పరుగెత్తేది హైస్కూలు నాటి కొల్లాజెన్ త్రాడు మీదనే! సాధనతో ఆ బంధనం గట్టిపడే మాట నిజమే. అయితే అది వారాల లెక్క కాదు, నెలల లెక్క. కండరం ఎప్పుడూ దానికంటే ముందుంటుంది.

కాబట్టి ఒకే దేహంలో పలు పంచాంగాలు నడుస్తున్నాయి. రక్తం రోజులను, కండరం వారాలను, ఎముక నెలలను లెక్కిస్తుంది. మారథాన్ ముహూర్తం అన్నింటికంటే నెమ్మదైన పంచాంగం చూసి పెట్టుకోవాలి.

దూరాన్ని వారానికి 10 శాతం మించి పెంచరాదనే సూత్రం ఈ సందర్భంలో తరచు వినిపిస్తుంది. జర్మన్ సరిహద్దుకు దగ్గరలోని నెదర్లాండ్స్ నగరం గ్రోనింగెన్‌లో దీనిని పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడించారు. 4 మైళ్ళ పరుగుకు సిద్ధమయ్యే కొత్తవారిలో కొందరికి 13 వారాల నెమ్మదైన పద్ధతి, మరికొందరికి 8 వారాల సాధారణ పద్ధతి ఇచ్చారు. రెండు వర్గాల్లోనూ గాయపడినవారు సుమారు ఐదింట ఒక వంతు. నెమ్మదితనం వ్యర్థమని దీనికి అర్థం చెప్పినవారున్నారు. అది తొందరపాటు తీర్పు. ఆ 13 వారాలు ఎముక ఒక్కసారి తనను తాను పునర్నిర్మించుకొనేందుకే సరిపోతాయి. ఆ సూత్రానికి శాస్త్రాధారం అల్పమన్నంతవరకు మాత్రం ఒప్పుకోవలసిందే. ఎవరి దేహానికి వారే పరీక్షకులు.

ఎంత వేగంతో పరుగెత్తాలి అన్న ప్రశ్నకు జర్మనీలోనే రెండు సంప్రదాయాలున్నాయి. ఫ్రైబుర్గ్‌లో శిక్షకుడు వోల్డెమార్ గెర్ష్‌లర్, హృద్రోగ వైద్యుడు హెర్బర్ట్ రైండెల్ కలిసి అభివృద్ధి చేసినది విరామాలతో కూడిన వేగపు పరుగు. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచాన్ని నివ్వెరపరిచాడు. రెండవది డచ్ సరిహద్దు సమీపంలోని వాల్డ్‌నీల్ గ్రామ వైద్యుడు ఎర్నస్ట్ ఫాన్ ఆకెన్ బోధించినది. రోజూ, దీర్ఘంగా, నాడి నిమిషానికి 130 ప్రాంతంలో ఉండేలా, ఆయాసం లేకుండా పరుగెత్తాలి, అవసరమైతే నడవాలి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగా ఉన్నట్లు. తెలుగువారికి ఇంతకంటె అనువైన కొలత ఏముంటుంది? విరామానంతరం వచ్చేవారికి మొదటి ఆరునెలలు ఫాన్ ఆకెన్ మార్గమే శ్రేయస్కరం. ఎముకలు సిద్ధమయ్యాక ఫ్రైబుర్గ్ మార్గం కొద్దికొద్దిగా కలుపుకోవచ్చు.

ఈ వైద్యుని పేరు మన గృహిణులకూ, యువతులకూ తెలియవలసినది. స్త్రీలు దీర్ఘదూరాలు పరుగెత్తరాదని క్రీడాధికారులు శాసిస్తున్న కాలంలో, స్త్రీదేహం దీర్ఘపరుగుకు తగినదేనని ఆయన వాదించారు. 1967లో వాల్డ్‌నీల్‌లో అన్నీ పేడె-ఎర్డ్‌కాంప్ 3 గంటల 7 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేసింది. 1973 అక్టోబరులో అదే గ్రామంలో స్త్రీలకు మాత్రమే ప్రత్యేకించిన మారథాన్ నిర్వహించారు. అందుకు ముందు ఏడాదే ఫాన్ ఆకెన్ పరుగెత్తుతుండగా కారు ఢీకొని రెండు కాళ్ళనూ కోల్పోయారు. పోటీ మాత్రం ఆగలేదు. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్ చేరింది 1984లో. ఆయన మరణించిన సంవత్సరమూ అదే.

ఇక ఇంధనం సంగతి. పరుగుకు కిలోమీటరుకు, దేహభారంలో ప్రతి కిలోకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి మారథాన్ ఖరీదు దాదాపు 2,950 కిలోకేలరీలు. కండరాల్లో, కాలేయంలో కలిపి నిలవ ఉండే గ్లైకోజెన్ 500 గ్రాముల ప్రాంతం, అంటే సుమారు 2,000 కిలోకేలరీలు. 30 కిలోమీటర్ల తరువాత కాళ్ళు సీసపు దిమ్మెలవడం ఈ తీసివేత లెక్క ఫలితమే. ఒక్క కిలో శరీరకొవ్వులోనే 7,700 కిలోకేలరీలున్నా, కొవ్వు దహనం నెమ్మది. మైటోకాండ్రియా వృద్ధి అయినకొద్దీ అదే వేగంలో కొవ్వు వాటా పెరిగి గ్లైకోజెన్ ఆదా అవుతుంది. నెమ్మది పరుగు ఇచ్చే అసలు ప్రతిఫలం ఇదే. చివరి రెండు మూడు రోజులు అన్నం, ఇడ్లీ, పొంగలి వంటివి నిస్సంకోచంగా తింటే గ్లైకోజెన్ నిండుతుంది. ప్రతి గ్రాముతోను దాదాపు మూడు గ్రాముల నీరు చేరుతుంది కనుక తూకం కిలో పెరిగితే కంగారు పడనక్కరలేదు.

కండరంలో గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారే తీరును వివరించిన ఓటో మైయర్‌హోఫ్ 1922 నోబెల్ బహుమానాన్ని ఎ. వి. హిల్‌తో పంచుకున్నారు. కీల్, బెర్లిన్, హైడెల్‌బెర్గ్‌లలో పనిచేసిన ఈ యూదు శాస్త్రవేత్త 1938లో నాజీ జర్మనీ విడిచిపోవలసివచ్చింది. ఆయన ఆమ్లానికి జనం అంటగట్టిన నింద మాత్రం ఇప్పటికీ పోలేదు. మరునాటి కండరాల నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణం కాదు. అది గంటసేపట్లో రక్తం నుంచి తొలగిపోతుంది. నొప్పికి మూలం కండరతంతువుల్లోని సూక్ష్మ చీలికలు, వాటి మరమ్మతు. కొలోన్ క్రీడావిశ్వవిద్యాలయంలో అలోయిస్ మాడర్ 1976లో లాక్టేట్ కొలతను సాధనకు గీటురాయి చేశారు. చెవితమ్మె నుంచి రక్తపుచుక్క తీసి చేసే ఆ పరీక్ష జర్మన్ క్రీడావైద్యుల వద్ద నేటికీ లభ్యం.

వైద్యుని దర్శనం అనవసర లాంఛనం కాదు. దక్షిణాసియావాసులకు మధుమేహం, గుండెజబ్బు చిన్నవయసులోనే వచ్చే అవకాశం ఎక్కువ. జర్మనీ ప్రభుత్వ ఆరోగ్యబీమా 35 ఏళ్ళు దాటినవారికి మూడేళ్ళకొకసారి ఉచిత ఆరోగ్యపరీక్ష కల్పిస్తున్నది. అందులో వ్యాయామ సమయపు ఈసీజీ ఉండదు. దానిని విడిగా అడిగి చేయించుకోవాలి. పనిలో పనిగా విటమిన్ డి, ఇనుము కూడా చూపించుకోవడం మేలు. అక్టోబరు నుంచి మార్చి వరకు ఈ అక్షాంశాల ఎండలో చర్మం విటమిన్ డి తయారుచేసుకోలేదు, నల్లని చర్మానికి మిగిలిన నెలల్లోనూ ఎక్కువ ఎండ కావాలి. అది లోపిస్తే పైన చెప్పిన ఎముక మరమ్మతు కుంటుపడుతుంది. శాకాహారులు భోజనంతోపాటు టీ తాగితే పప్పులోని, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది.

ఇక ముహూర్తం. హాంబుర్గ్ పరుగు ఏప్రిల్‌లో; దాని కఠినసాధన అంతా సాయంత్రం నాలుగింటికే చీకటిపడే చలికాలంలో, మంచు గడ్డకట్టిన బాటల మీద సాగాలి. బెర్లిన్ సెప్టెంబరు చివర, ఫ్రాంక్‌ఫర్ట్ అక్టోబరు చివర జరుగుతాయి. జూన్, జూలైలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుగుంటుంది; పిల్లలకు అన్నం పెట్టిన తరువాత కూడా అడవిబాటన పరుగెత్తి రావచ్చు. అందుచేత ఈ శరత్కాలంలో నడక-పరుగులతో మొదలుపెట్టి, మరుసటి శరత్తులో పోటీకి నిలవడమే సముచితం. చివరి 16 వారాలు ఆదివారపు దీర్ఘపరుగును 30 కిలోమీటర్ల దాకా పెంచి, ఆఖరి రెండు వారాలు తగ్గించాలి. బెర్లిన్ పోటీని 1974లో గ్రూనెవాల్డ్ అడవిలో ప్రారంభించినవారు హోర్స్ట్ మిల్డె అనే మిఠాయి, రొట్టె తయారీదారు. 1990 సెప్టెంబరు 30న, ఏకీకరణకు మూడురోజుల ముందు, ఆ పరుగు మొట్టమొదటిసారి బ్రాండెన్‌బుర్గ్ ద్వారం గుండా సాగింది. 6 గంటల 15 నిమిషాల గడువు ఉన్నది కనుక నడక కలిపినా చేరుకోవచ్చు.

పోటీనాడు చివరి ప్రమాదం దాహం కాదు, అతిపానం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం ప్రమాణం కంటే తగ్గివుంది; నాలుగు గంటలకు పైగా పరుగెత్తుతూ తోవపొడుగునా తాగి, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలోనే అది అధికం. మెల్లగా వచ్చేవారికి తాగే వ్యవధి ఎక్కువ కదా. దాహమైనంతే తాగాలి, ఉప్పు మరువరాదు. బెర్లిన్ దారిలో నీటితోపాటు వెచ్చని టీ కూడా అందిస్తారు. పాలు మాత్రం కలపరు.