రాట్నం బొమ్మ - ఫౌజు హుకుం



యుద్ధట్యాంకుకు ఊలు తొడుగు వేస్తే ఎలా ఉంటుంది? 2006లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో మరియాన్ యోర్గెన్‌సెన్ అనే కళాకారిణి ఆ పనే చేశారు. ఇరాక్ యుద్ధంలో తమ దేశం చేరినందుకు నిరసనగా, రెండో ప్రపంచయుద్ధం నాటి ట్యాంకును గులాబీరంగు అల్లికలతో కప్పారు. పలు దేశాలవాళ్లు అల్లి పంపిన చదరపు ముక్కలు 4,000కు పైగా పట్టాయి. ట్యాంకును ఎవరూ పగలగొట్టలేదు, తిట్టలేదు. చంటిపిల్లకు చలిచొక్కా తొడిగినట్టు తొడిగారు, అంతే. భయపెట్టడానికి పుట్టిన వస్తువు నవ్వు పుట్టిస్తే, ఇక దాని దర్పం ఏం మిగిలింది?

చేతిపని ఇలా ఫౌజు ఎదుట నిలబడటం మన షోలాపూర్‌కు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీల మగ్గాలు ఆడే ఊరు ఇది. 1930 మేలో గాంధీగారి అరెస్టు వార్త రాగానే ఇక్కడి మిల్లు కార్మికులు సమ్మెకట్టారు. కాల్పులు జరిగాయి. పోలీసులు ఊరు విడిచారు. కొద్దిరోజులు జనమే ఊరిని నడుపుకున్నారు. మే 12న మార్షల్ లా వచ్చి జూన్ 30 దాకా సాగింది.

సైనిక పాలన అంటే తుపాకులే కాదు, కాగితాలు కూడా. ఆర్డినెన్సు, నిబంధన, శిక్ష. ఆ నిషేధాల్లోకి ఖద్దరు జెండా కూడా ఎక్కింది. దానిమీద ఉన్నదేమిటి? రాట్నం! 1921లో బెజవాడలో ఆ జెండాకు రూపుదిద్దిన పింగళి వెంకయ్యగారు ఒకప్పుడు బోయర్ యుద్ధంలో సిపాయి. నూలు వడికే పనిముట్టు బొమ్మను చూసి సేన హుకుం రాసుకుందంటే, అంతకుమించిన వెటకారం ఏ చిత్రకారుడు గీయగలడు?

కాని ఒక తేడా ఉంది. కోపెన్‌హాగన్ వాళ్లు అల్లిక ముగించి ఇంటికి పోయారు. ఇక్కడ ఆ రోజులకు వెల పడింది. పోలీసుల హత్య ఆరోపణపై మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ్ షిందే, కుర్బాన్ హుసేన్‌లను 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీశారు. ఊరి నడుమ చార్ హుతాత్మా చౌక్ వారి పేరిటే ఉంది.

ఈసారి ఆ చౌక్ దాటేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. పడుగూ పేకా కలిస్తే గుడ్డ. ఆ గుడ్డకు సేన జడిసిందంటే, బలం ఎవరిదో ఆలోచించండి.