అరుదైన మూత్రాశయ క్యాన్సర్లపై జంట చికిత్స: సూరత్‌కు ఎంత దూరంలో ఉంది?

మూత్రాశయ క్యాన్సర్ అని తేలిన రోగి చేతికి వచ్చే బయాప్సీ నివేదికలో సాధారణంగా ‘యూరోథీలియల్ కార్సినోమా’ అన్న మాట ఉంటుంది. మూత్రాశయం లోపలి గోడకు అస్తరులా ఉండే పొర నుంచి పుట్టిన క్యాన్సర్ అని దాని అర్థం. పదిమందిలో తొమ్మిదిమందికి వచ్చేది ఇదే. పెద్ద పెద్ద క్లినికల్ ట్రయల్స్ జరిగేది, కొత్త మందులకు అనుమతులు వచ్చేది దీని చుట్టూనే. అదే నివేదికలో ‘స్మాల్ సెల్’ అనో, ‘స్క్వేమస్’ అనో, ‘అడినోకార్సినోమా’ అనో, ‘ప్లాస్మాసైటాయిడ్’ అనో ఉంటే మాత్రం వైద్యుడికి దారి సన్నగిల్లుతుంది. ఈ అరుదైన రకాలు తరచుగా ముదిరిన దశలోనే బయటపడతాయి. ఏ మందు ఎంత పనిచేస్తుందో చెప్పే ఆధారాలూ తక్కువే.

ఈ ఖాళీని పూరించడానికి గత పదేళ్లుగా ఒక ఆలోచనను పరీక్షిస్తున్నారు. క్యాన్సర్ కణంలోని నిర్దిష్ట లోపాన్ని గురిపెట్టే టార్గెటెడ్ మందును, శరీర రోగనిరోధక శక్తిని మేల్కొలిపే ఇమ్యునోథెరపీని కలిపి ఇవ్వడమే ఆ ఆలోచన. పరీక్షలు ఎక్కువగా అమెరికాలో జరుగుతున్నాయి. కానీ ప్రశ్న మాత్రం సూరత్ లాంటి నగరానికి బాగా దగ్గరది.

రంగుల నగరం, పాత అనుమానం

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు మాట వినిపించడం మామూలే. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి తరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. మగ్గం మీద నేసిన తెల్లని బట్ట పాండేసరా, సచిన్, పల్సాణా వైపున్న అద్దకం, ప్రింటింగ్ మిల్లులకు వెళ్లి రంగు పూసుకుంటుంది.

రంగులకూ మూత్రాశయ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం వైద్యశాస్త్రానికి ఎప్పుడో తెలుసు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫుక్సిన్ అనే రంగు తయారుచేసే కార్మికులలో మూత్రాశయ కణితులను జర్మన్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రెన్ 1895లోనే గుర్తించాడు. ఆ తర్వాత దోషులు ఒక్కొక్కటిగా తేలాయి: బెంజిడిన్, 2-నాఫ్తైలమిన్, 4-అమినోబైఫినైల్. వీటిని ఆరొమాటిక్ అమీన్లు అంటారు. చర్మం ద్వారానో ఊపిరి ద్వారానో ఒంట్లోకి చేరిన ఈ పదార్థాలను కాలేయం మార్చి మూత్రంలోకి పంపుతుంది. మూత్రం గంటల తరబడి నిలిచే చోటు మూత్రాశయమే కాబట్టి దెబ్బ అక్కడ తగులుతుంది. అక్కడి కణాల డీఎన్ఏకు ఆ పదార్థపు ముక్క అతుక్కుంటుంది.

ఇది పరాయి దేశపు పుస్తకాల్లో మాత్రమే ఉన్న సంగతి కాదు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ శాస్త్రవేత్తలు కలిసి బెంజిడిన్, బెంజిడిన్ రంగులు తయారుచేసే కార్మికుల మూత్రాన్ని పరిశీలించారు. ఆ ఫలితాలు 1996లో వెలువడ్డాయి. మూత్రంతో పాటు రాలిన మూత్రాశయ కణాల్లో, డీఎన్ఏకు అతుక్కున్న బెంజిడిన్ ఆనవాళ్లు వారికి స్పష్టంగా కనిపించాయి. 1990లలోనే భారత ప్రభుత్వం బెంజిడిన్ ఆధారిత రంగులతో సహా మొత్తం 112 అజో రంగులను నిషేధించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సూరత్ ప్రధానంగా పాలియెస్టర్ నగరం. పాలియెస్టర్‌కు వాడేవి డిస్పర్స్ రంగులు. బెంజిడిన్ రంగులు ఎక్కువగా నూలుకు, తోలుకు, కాగితానికి వాడినవి. మగ్గం నడిపే కార్మికుడు అద్దకానికి ముందున్న బట్టతో పనిచేస్తాడు. రంగు పొడిని తూచి కలిపే కార్మికుడి ముప్పూ అతని ముప్పూ ఒకటి కావు. కాబట్టి ‘సూరత్‌లో ఉంటే మూత్రాశయ క్యాన్సర్’ అని ఎవరైనా అంటే అది శాస్త్రం కాదు. ఇంకో మాట: ఈ క్యాన్సర్‌కు అన్నిటికంటే పెద్ద కారణం పొగాకు. 2-నాఫ్తైలమిన్, 4-అమినోబైఫినైల్ రెండూ పొగాకు పొగలోనూ ఉంటాయి. రంగుల గదిలో పనిచేసేవాడు బయటికొచ్చి బీడీ ముట్టిస్తే అదే కుటుంబానికి చెందిన రసాయనం ఇంకో దారిలో లోపలికి వెళుతుంది.

పనికీ రోగానికీ మధ్య ఇరవై ఏళ్లో, అంతకంటే ఎక్కువో గడవవచ్చు. అప్పటికి ఆ కార్మికుడు సొంత ఊరికి తిరిగి వెళ్లిపోయి ఉంటాడు. వరంగల్‌లోని వైద్యుడు “ఏం పని చేసేవారు?” అని అడగకపోతే సూరత్ ప్రస్తావనే రాదు. వలస కార్మికుల విషయంలో వృత్తి చరిత్రను కేసు షీటులో రాయకపోవడం చిన్న లోపంగా కనిపిస్తుంది గానీ, ఏ పని వల్ల ఎవరికి ముప్పు అన్నది మన దేశంలో ఇంకా మసకగా ఉండటానికి అదీ ఒక కారణం.

అరుదైనవి ఎందుకు వేరు

ఈ అరుదైన క్యాన్సర్లు ఒకే ఇంటి పిల్లలు కావు. స్క్వేమస్ రకం దీర్ఘకాలపు రాపిడి, ఇన్ఫెక్షన్ ఉన్నచోట పుడుతుంది. ఈజిప్టులో నత్తల ద్వారా వ్యాపించే షిస్టోసోమా పురుగు వల్ల ఒకప్పుడు ఇదే ప్రధాన రకంగా ఉండేది. స్మాల్ సెల్ రకం నాడీ లక్షణాలున్న కణాలతో ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌ను పోలి ఉంటుంది. దానికి ఇచ్చే కీమో కూడా అక్కడి నుంచి అరువు తెచ్చుకున్నదే. ప్లాస్మాసైటాయిడ్ రకంలో కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ప్రొటీన్‌కు సంబంధించిన సీడీహెచ్1 జన్యువు తరచుగా దెబ్బతిని ఉంటుంది. అందుకే ఆ కణాలు ముద్దగా ఉండకుండా విడివిడిగా పొట్టలోపలి పొరల మీదుగా పాకుతాయి. అడినోకార్సినోమాల్లో కొన్ని యురాకస్ నుంచి వస్తాయి. గర్భంలో ఉన్నప్పుడు బొడ్డును మూత్రాశయంతో కలిపిన గొట్టం పుట్టాక మూసుకుపోయి తాడులా మిగులుతుంది. ఆ తాడులోనే దశాబ్దాల తర్వాత క్యాన్సర్ మొదలవుతుంది.

మందుల కంపెనీల పెద్ద ట్రయల్స్ సాధారణంగా ‘యూరోథీలియల్ భాగమే ప్రధానంగా ఉండాలి’ అని షరతు పెడతాయి. లెక్క స్పష్టంగా రావాలంటే రోగులు ఒకేలా ఉండాలి మరి. అలా అరుదైనవాళ్లు గడప బయటే ఆగిపోతారు.

రెండు మందులు ఎందుకు కలపాలి

మూత్రాశయానికి ఇమ్యునోథెరపీ కొత్త కాదు. మన పిల్లల భుజం మీద మచ్చ వదిలే బీసీజీ టీకానే నేరుగా మూత్రాశయంలోకి ఎక్కించి, పైపైన ఉన్న కణితులు మళ్లీ రాకుండా చూడవచ్చని కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్ 1976లో చూపించాడు. ఈ నాటికీ ఆ వైద్యం నడుస్తోంది. కొత్త తరం మందులు వేరే సూత్రం మీద పనిచేస్తాయి. మన టి-కణాల మీద పీడీ-1, సీటీఎల్ఏ-4 అనే బ్రేకులు ఉంటాయి. క్యాన్సర్ ఆ బ్రేకు తొక్కి పట్టి ఉంచుతుంది. నివోలుమాబ్ పీడీ-1 నుంచి, ఇపిలిముమాబ్ సీటీఎల్ఏ-4 నుంచి ఆ కాలు తీయిస్తాయి. ఈ బ్రేకుల రహస్యం విప్పినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే బ్రేకు తీసినంత మాత్రాన బండి కణితి దాకా చేరాలని లేదు. కణితి తనకు కావలసిన రక్తనాళాలను హడావిడిగా అల్లుకుంటుంది. వంకరటింకర నాళాల గుండా టి-కణాలు లోపలికి దూరలేవు. పైగా నాళాలు పెరగమని కణితి పంపే వీఈజీఎఫ్ అనే సంకేతమే రోగనిరోధక కణాలను మందగించేలా చేస్తుంది. కాబోజాంటినిబ్ అనే మాత్ర ఈ సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్నీ, దానితో పాటు ఎంఈటీ, ఏఎక్స్‌ఎల్ అనే మరో రెండిటినీ అడ్డుకుంటుంది. కణితి చుట్టూ ఉన్న వాతావరణం మారి టి-కణాలకు దారి దొరుకుతుందన్నది పరిశోధకుల అంచనా.

ఆ అంచనాను అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఆండ్రియా అపోలో బృందం తొలి దశ ట్రయల్‌లో పరీక్షించింది. ముదిరిన మూత్ర, జననాంగ క్యాన్సర్లున్న 54 మందికి కాబోజాంటినిబ్, నివోలుమాబ్ ఇచ్చారు. కొందరికి ఇపిలిముమాబ్ కూడా కలిపారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం 30.6 శాతం మందిలో కణితులు గణనీయంగా కుంచించుకుపోయాయి. యూరోథీలియల్ రోగులను విడిగా తీస్తే ఇది 38.5 శాతం. ఫలితం కనిపించినవారిలో సగం మందికి అది 21 నెలలు, అంతకంటే ఎక్కువ కాలం నిలిచింది. వీరిలో చాలామంది అంతకుముందే వేరే చికిత్సలు తీసుకుని విఫలమైనవారు.

నాణేనికి రెండో వైపు కూడా ఆ నివేదికలోనే ఉంది. రెండు మందులు తీసుకున్నవారిలో 75 శాతం, మూడు తీసుకున్నవారిలో 87 శాతం మందికి తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చాయి. బ్రేకు తీసిన రోగనిరోధక వ్యవస్థ పేగు మీదో, కాలేయం మీదో తిరగబడవచ్చు. దాన్ని వెంటనే గుర్తించి స్టెరాయిడ్లు ఇవ్వగల ఆసుపత్రి అందుబాటులో ఉండాలి. ఈ విషయం మన వార్తల్లో దాదాపు కనిపించదు.

ఈ తొలి దశ ఆధారంగానే ‘ఐకానిక్’ అనే రెండో దశ ట్రయల్ 2019లో మొదలైంది. ఇందులో అరుదైన క్యాన్సర్లే కథానాయకులు. మూత్రాశయపు స్మాల్ సెల్, స్క్వేమస్, అడినోకార్సినోమా, ప్లాస్మాసైటాయిడ్ రకాలతో పాటు పురుషాంగ క్యాన్సర్ లాంటివాటికీ విడివిడి గుంపులు ఏర్పాటు చేశారు. మొదట మూడు మందులూ ఇస్తారు, నాలుగు విడతల తర్వాత ఇపిలిముమాబ్ ఆపి మిగిలినవి కొనసాగిస్తారు. ఒక్క ఆసుపత్రిలో రోగులు సరిపోరు కాబట్టి అమెరికా అంతటా అనేక కేంద్రాల్లో చేర్చుకున్నారు.

చిన్న లెక్కలోని పెద్ద చిక్కు

ఒక అరుదైన రకంలో పదిమందే దొరికారు, ముగ్గురికి మందు పనిచేసింది అనుకుందాం. 30 శాతం అని రాసుకోవచ్చు. కానీ గణాంకశాస్త్రం ప్రకారం అసలు శాతం 7 నుంచి 65 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. వందమందిలో ముప్పైమందికి పనిచేస్తే ఆ పరిధి 21 నుంచి 40కి కుదించుకుపోతుంది. పైగా ఇలాంటి ట్రయల్‌లో పోల్చి చూడటానికి రెండో జట్టు ఉండదు. కాబట్టి ‘కణితి తగ్గింది’ అని చెప్పగలరు గానీ, ‘మామూలు కీమోతో పోలిస్తే ఇన్ని నెలలు ఎక్కువ బతికారు’ అని చెప్పలేరు. అరుదైన రోగాల విషయంలో ఈ రాజీ తప్పదు. అది రాజీ అన్న సంగతి మాత్రం మరువకూడదు.

యూరోథీలియల్ రకానికి ఈ ఇబ్బంది లేదు. 886 మంది రోగులతో జరిగిన ఈవీ-302 ట్రయల్‌లో, ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ జంట కీమోను దాటిపోయింది. సగటు జీవితకాలం 16.1 నెలల నుంచి 31.5 నెలలకు పెరిగింది. ఈ ఫలితాలు 2024లో ప్రచురితమయ్యాయి. ఎన్‌ఫోర్టుమాబ్ క్యాన్సర్ కణం మీది నెక్టిన్-4 అనే ప్రొటీన్‌ను పట్టుకుని విషాన్ని లోపలికి దించుతుంది. స్మాల్ సెల్ రకంలో ఈ నెక్టిన్-4 తరచుగా ఉండదు. గెలిచిన మందును అలాగే తెచ్చి అరుదైన రకానికి ఇచ్చేస్తే సరిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఖర్చుకు ముంబయి నుంచి ఒక జవాబు

ఈ మందులు పూర్తి మోతాదులో కొనడం మరమగ్గాల కార్మికుడి కుటుంబానికే కాదు, మధ్యతరగతికీ అసాధ్యమే. సూరత్ నుంచి రైలులో కొన్ని గంటల దూరంలో ఉన్న ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి దీనికి వేరే దారి వెతికింది. ముదిరిన తల, మెడ క్యాన్సర్లున్న 151 మందిపై విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం ఒక ట్రయల్ చేసింది. అందరికీ తక్కువ మోతాదు మాత్రలు ఇచ్చారు. వాటిలో ఎర్లోటినిబ్ అనే టార్గెటెడ్ మందు కూడా ఉంది. సగం మందికి అదనంగా 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ మూడు వారాలకోసారి ఇచ్చారు. మామూలుగా వాడే 240 మిల్లీగ్రాములతో పోలిస్తే ఇది పన్నెండో వంతు. ఏడాది తర్వాత బతికున్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు.

ఇదీ టార్గెటెడ్, ఇమ్యునోథెరపీల జంటే, కాకపోతే మన జేబుకు తగ్గట్టు కొలిచినది. తల, మెడ క్యాన్సర్‌లో పనిచేసింది కదా అని మూత్రాశయానికి పనిచేస్తుందని అనుకోవడానికి లేదు. అయితే పరీక్షించి చూడదగ్గ ప్రశ్న ఇది. టాటా లాంటి కేంద్రాలు, గుజరాత్ క్యాన్సర్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి రాష్ట్ర కేంద్రాలు కలిస్తే అరుదైన రకాల రోగులు తగినంతమంది పోగవుతారు. జనాభా మనకున్న అనుకూలత. దాన్ని ఈ రంగంలో ఇంకా సరిగా వాడుకోలేదనే చెప్పాలి.

రోగి వైపు నుంచి చూస్తే మొదటి అడుగు చాలా ముందే పడాలి. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడి ఆగిపోయినా పరీక్ష చేయించుకోవాలి. వేడి చేసిందనో, రాళ్లనో సరిపెట్టుకుని నెలలు గడిపేవాళ్లు ఎక్కువ. మన దేశంలో ఎక్కడ ఏ ట్రయల్ జరుగుతోందో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. 2009 జూన్ నుంచి ట్రయల్స్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

చాలామంది అడగని వస్తువు ఒకటుంది: మైనపు బ్లాక్. బయాప్సీ ముక్కను మైనంలో పోసి పాథాలజీ ల్యాబ్ దాచిపెడుతుంది. రెండో అభిప్రాయానికైనా, జన్యు పరీక్షకైనా, ట్రయల్‌లో చేరడానికైనా ఆ బ్లాకే కావాలి. సూరత్‌లో బయాప్సీ చేయించుకుని సొంత ఊరికి బయలుదేరే కార్మికుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్తాడు. బ్లాక్ మాత్రం ల్యాబులోనే ఉండిపోతుంది. దరఖాస్తు రాసి ఇస్తే సాధారణంగా స్లైడులతో పాటు దాన్నీ ఇస్తారు.