పెంపుడు కుక్కకు ఏ ఎముక వేయవచ్చును?

ఆదివారమునాడు ఇంటిలో మాంసపుకూర వండుకొనిన పిదప, కంచములలో మిగిలిన ఎముకలను కుక్కకు వేయుట పలువురి ఇండ్లలో ఉన్న అలవాటు. వేయువారికి కుక్కపై ప్రేమయే గాని వేరు ఉద్దేశము లేదు. అయినను ఆ ఎముకయే ఒక్కొక్కప్పుడు కుక్క ప్రాణముమీదికి తెచ్చును. ఇందుకు కారణము ఎముక నిర్మాణములో ఉన్నది.

ఎముక బరువులో సుమారు మూడింట రెండువంతులు ఖనిజపదార్థము. కాల్షియమ్, ఫాస్ఫరస్ ఇందులో ముఖ్యమైనవి. మిగిలినదానిలో అధికభాగము కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఖనిజము ఎముకకు గట్టిదనమును, కొల్లాజెన్ విరుగకుండ కొంత వంగు గుణమును ఇచ్చుచున్నవి. ఈ సంగతిని ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చును. కోడికాలి ఎముకను శుభ్రపరచి కొన్ని దినములు వెనిగర్‌లో ఉంచినచో, ఖనిజము కరిగిపోయి ఎముక రబ్బరువలె వంగును. మరియొక ఎముకను నిప్పులలో బాగుగా కాల్చినచో, కొల్లాజెన్ నశించి అది చేతితో నలిపినంతనే విరిగిపోవును.

వంటలో జరుగునది ఈ రెండవ మార్పునకు దగ్గరిది. ఉడుకుచున్నప్పుడు కొల్లాజెన్ కొంత జెలటిన్‌గా మారి పులుసులోనికి దిగును. కాళ్ల పులుసు చల్లారిన తరువాత పేరుకొనుటకు కారణ మిదియే. ఇట్లు సాగుగుణమును పోగొట్టుకొనిన ఎముక పెళుసుబారి, కుక్క కొరికినప్పుడు సూదులవంటి ముక్కలుగా చీలును. ఈ ముక్కలు నోటిని, గొంతును గాయపరచవచ్చును. అన్నవాహికలో గుండె దాపున అడ్డుపడవచ్చును. ప్రేగులకు చిల్లు పెట్టవచ్చును. కుక్క జఠరరసము ఎముకను కరిగించగలదు గాని, పెద్ద ముక్క కరుగుటకు చాల కాలము పట్టును. హాని అంతలోనే జరిగిపోవచ్చును.

అంగడిలో పొట్లము కట్టి అమ్ము ఎముకలన్నియు క్షేమకరములు కావు. పొగబెట్టినవి, కాల్చి ఎండబెట్టినవి అగు ఎముకలనుగూర్చి సుమారు 68 ఫిర్యాదులు వచ్చినవనియు, సుమారు 15 కుక్కలు మరణించినట్లు వాటిలో తెలిపిరనియు అమెరికా ఆహార, ఔషధ పాలన సంస్థ 2017లో ప్రకటించినది. ఇక మన కూరలోని ఎముకకు మరియొక దోషము కూడ కలదు. దానికి అంటియుండు ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తములోని ఎర్రకణములను చెరచును.

అట్లయిన పచ్చి ఎముక మంచిదా? అది ఉడికిన ఎముకవలె సులభముగా చీలదు. కాని పచ్చిమాంసముతోపాటు సాల్మొనెల్లావంటి సూక్ష్మజీవులు ఇంటిలోనికి రాగలవు. పిల్లలున్న ఇంటిలో ఇది ఆలోచించదగిన విషయము. అంతకు మించి దంతముల చిక్కు ఉన్నది. ఎదిగిన కుక్కకు 42 దంతము లుండును. వాటిపై ఎనామిల్ పొర ఒక మిల్లీమీటరుకంటె పలుచన. మనుష్యుల దంతములపై ఇంతకంటె మందముగా ఉండును. పశువుల తొడ ఎముక, గిట్ట, దుప్పికొమ్ము మొదలగు అతికఠిన వస్తువులను కొరికినప్పుడు, పైదవడలోని పెద్ద కోతపన్ను పెచ్చుగా విరుగుట తరచుగా జరుగును. మూలుగ ఎముకను అడ్డముగా కోసిన చక్రము క్రిందిదవడకు ఉంగరమువలె బిగిసికొనుటయు కద్దు.

మరి కుక్కకు నమలుకొనుటకు ఏమి ఇయ్యవలెను? మొదటి పరీక్ష గోటితో చేయవలెను. గోటితో నొక్కినప్పుడు కొంచెమైనను నొక్కు పడవలెను. పడనిచో అది దంతములకు మించిన గట్టిదనము గలది. రెండవది పరిమాణము. వస్తువు మొత్తముగా నోటిలో పట్టరాదు. అరిగి చిన్నదైన వెంటనే దానిని తీసివేయవలెను. ఈ రెండు నియమములకు సరిపడు రబ్బరుబొమ్మలు మేలైనవి. బొమ్మ నడుమ బోలుగా ఉన్నచో, అందు ఎముక తీసిన ఉడికిన మాంసమును కూరి ఇయ్యవచ్చును. వేరుసెనగ ముద్ద కొని కూరువారు అందు జైలిటాల్ అను తీపిపదార్థము లేదని చూచుకొనవలెను; అది కుక్కకు విషము. పచ్చితోలుతో చేసిన చుట్టలు నానినకొలది మెత్తబడి ఉబ్బును. నమలక మ్రింగు అలవాటు గల కుక్కకు వాటిని ఇయ్యరాదు. ఏది ఇచ్చినను, నమలుచున్నంతసేపు ఒకరు కనిపెట్టి యుండవలెను.

ఎముక తినిన కుక్క చొంగ కార్చుచు, మాటిమాటికి మ్రింగుచు, ఓకరించుచు, తిండి మానినచో, లేక మలవిసర్జనకు ముక్కుచున్నచో, పశువైద్యుని వద్దకు వెంటనే తీసికొనిపోవలెను. ఇంటిలో వాంతి చేయింపరాదు. వాడియైన ముక్క తిరిగి వచ్చునప్పుడు గొంతును మరల చీల్చవచ్చును.

ఆదివారపు విందులో కుక్కకు భాగము లేకుండ చేయనక్కరలేదు. ఉల్లి, మసాలా కలుపకముందే కొన్ని మెత్తని ముక్కలను వేరుగా ఉడికించి ఉంచిన చాలును. కంచములలోని ఎముకలను మాత్రము మూతగల చెత్తబుట్టలో వేయవలెను.