పురసవాక్కం వేసవి సెలవులు

1970లలో మదరాసు పురసవాక్కంలో పెరిగిన మాకు వేసవి సెలవులంటే రెండు పనులు. తెల్లవారుజామునే చేతిపంపు దగ్గర బిందెలు వరుసలో పెట్టడం, మధ్యాహ్నం అమ్మమ్మకు చందమామ చదివి వినిపించడం.

1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా మా వీధిలో తెలుగు ఇళ్ళు అలాగే ఉండిపోయాయి. బడిలో ఇంగ్లీషు, బజారులో తమిళం, ఇంట్లో తెలుగు. ఆ ఇంటి మాటకు అక్షరాలు నేర్పింది 1947 నుంచి మా మదరాసులోనే అచ్చయిన చందమామ. బేతాళ కథ మధ్యలో తడబడితే అమ్మమ్మ విసనకర్రతో తట్టి, "ఒత్తు మింగేశావురా, మళ్ళీ చదువు" అనేది. చూపు ఆనక మా చేత చదివించుకుంటోందని అనుకునేవాళ్ళం. మాకంటే ముందే ఆవిడ పుస్తకమంతా చదివేసేదని చాలా ఏళ్ళకు అమ్మ చెప్పింది!

సాయంత్రం గంగాధరేశ్వరుడి గుడికి వెళ్ళేవాళ్ళం. వచ్చేటప్పుడు తాటిముంజలు. 1975 ఆగస్టు 15న మదరాసుకు టీవీ వచ్చింది. మరుసటి వేసవికి పిల్లలందరం పక్కవారి కిటికీ దగ్గర చేరాం. అయితే అప్పట్లో టీవీ సాయంత్రాలే కాబట్టి మధ్యాహ్నాలు అమ్మమ్మకే మిగిలాయి.

మదరాసు దాహం తీర్చడానికి 1996లో తెలుగుగంగ కాలువ గుండా కృష్ణ నీళ్ళు వచ్చాయి. పరాయి ఊళ్ళో పెరిగే మన పిల్లలకు తెలుగు అలా కాలువలో రాదు, ఇంట్లోనే తోడి పోయాలి. చందమామ ఇప్పుడు వెలువడకపోయినా పాత సంచికలు దొరుకుతున్నాయి. ఈ సెలవుల్లో రోజుకో పేజీ చదివించండి. కళ్ళజోడు కనబడటం లేదని చెప్పండి, చాలు!