గిటార్ లేదు.. డ్రమ్మర్ లేడు! 1979లో ఎవరూ పట్టించుకోని ఈ ఆల్బమ్ ఎందుకు వినాలి?

'డోంట్ యూ వాంట్ మీ' పాట గుర్తుందా? 1981లో బ్రిటన్‌లో, మరుసటి ఏడాది అమెరికాలో నంబర్ వన్. పాడింది హ్యూమన్ లీగ్ బ్యాండ్. కానీ వాళ్ల మొదటి ఆల్బమ్ 'రీప్రొడక్షన్' గురించి మాట్లాడేవాళ్లు తక్కువే.

ఇంగ్లండ్‌లోని ఉక్కు నగరం షెఫీల్డ్ కుర్రాళ్లు చేసిన ప్రయోగం ఇది. మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ కంప్యూటర్ ఆపరేటర్లుగా చేసినవాళ్లు. సింగర్ ఫిల్ ఓకీ ఆస్పత్రిలో పోర్టర్. 1979 అక్టోబర్‌లో ఆల్బమ్ వచ్చింది. బీట్‌తో సహా మ్యూజిక్ అంతా సింథసైజర్లదే.

అప్పుడు చార్టుల్లో చోటే దక్కలేదు. 1980లో వేర్, మార్ష్ బయటికెళ్లి 'హెవెన్ 17' పెట్టారు. ఓకీ కొత్త టీమ్‌తో 1981లో 'డేర్' తెచ్చి సూపర్ హిట్ కొట్టాడు. ఆ వెలుగులో తొలి ఆల్బమ్ మరుగున పడిపోయింది.

మరి ఇందులో ఏముంది? 'ఎంపైర్ స్టేట్ హ్యూమన్' వినండి. ఆకాశమంత ఎత్తు ఎదగాలనుకునే మనిషి కథ, ఒక్కసారి వింటే నోట్లో ఆడే ట్యూన్. రైచస్ బ్రదర్స్ పాత ప్రేమ పాటనూ వీళ్లు మళ్లీ పాడారు. ఆర్కెస్ట్రా తీసేసి, చల్లటి మెషీన్ సౌండ్ మధ్య ఓకీ బరువైన గొంతు పెట్టారు. ఒంటరితనం ఇంకా గట్టిగా తగులుతుంది.

'డేర్' అంత నునుపుగా ఉండదు, నిజమే. కానీ మెషీన్‌తోనూ మనసును కదిలించొచ్చని అప్పుడే చూపించిన ఆల్బమ్ ఇది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఓసారి వినేయండి!