పాతకారులో రబ్బరు పట్టీ

అంబర్‌పేటనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయము మీదుగా తార్నాకవరకు చక్కగా నడచిన పాతకారే, కొన్న నెలలోపల పెద్దఖర్చు తెచ్చిపెట్టవచ్చును. కారణము తరచు కంటికి కనబడదు.

కారు ఇంజనులో క్రాంకుషాఫ్టు 2 చుట్లు తిరుగగా, కవాటములను తెరచు కామ్‌షాఫ్టు 1 చుట్టు తిరుగును. పెక్కు ఇంజనులలో ఈ రెంటిని కలుపునది మూతవెనుక దాగిన పళ్ళ రబ్బరుపట్టీ, అనగా టైమింగు బెల్టు. (కొన్నింటిలో గొలుసు ఉండును.) వేడివలన, గాలిలోని ఆక్సిజనువలన రబ్బరు క్రమముగా గట్టిపడి బీటలువారును. కారు షెడ్డులో ఊరకున్నను ఈ ముసలితనము ఆగదు. కనుక మీటరుపై తక్కువ కిలోమీటర్లు చూచి మురిసిపోరాదు.

పట్టీ తెగినచో, కొన్నిరకముల ఇంజనులలో పైకివచ్చు పిస్టనులు తెరచియున్న కవాటములను ఢీకొని వంచివేయును. అప్పుడు పట్టీ వెలతో పోదు. ఇంజను హెడ్డు విప్పవలసివచ్చును. పట్టీ మార్చిన రసీదు అమ్మువానియొద్ద లేనిచో, ఆ ఖర్చును బేరములోనే చేర్చుకొనవలెను.